సమాయిల్ బండిలో బహ్లా వాళ్లు

బహ్లా,
3 అక్టోబర్ 2024, గురువారం

తమ్ముడు ఏసురత్నానికి, ప్రస్తుతానికి క్షేమంగానే ఉన్న నీ అక్క జ్ఞానాంబ రాస్తున్నది.

చెవి మిషన్ పెట్టుకుంటున్నావా, సొరుగులో దాచావా? ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, ఏమైందోనని పక్క ఫ్లాట్ బిల్కీస్ వచ్చి తలుపు కొడుతుంది. అందుకే రెండు శుక్రవారాలకోసారి ఆరాధనకి వచ్చే బండిలో ఇలా ఉత్తరం పంపడమే నాకు నిమ్మళం. చదివింది అయిదో తరగతి, తప్పులుంటే సర్దుకో.

ఇక్కడ ఒక మాట తిరుగుతోంది. నువ్వు సంఘ పెద్దరికం మానేస్తున్నావట. ఇరవై రెండేళ్లుగా నువ్వొక్కడివే చూసుకున్న మన తెలుగు సంఘాన్ని ఇకమీదట ఏడుగురి కమిటీ చూసుకుంటుందట. నిజమేనా? ఒంట్లో బాగాలేదా? గుండె గానీ, షుగర్ గానీ వచ్చి దాస్తున్నావా? మా ఎవాంజలిన్ని అడిగితే "మామయ్యకి ఏమీ లేదమ్మా, చెవి వినపడక మానేస్తున్నాడు" అంటుంది. అది నర్సు. ఏమీ లేదు, ఏమీ లేదు అని రోగులకి చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. నాకూ అలాగే చెబుతోందేమో.

నా అసలు భయం ఇంకొకటుంది. నువ్వు పెద్దగా ఉన్నన్నాళ్లూ బహ్లా బండి ఆగలేదు. ఎంత దూరం, ఎంతమంది అని నువ్వు ఏనాడూ అడగలేదు. రేపు ఆ ఏడుగురూ మస్కట్లోని దార్సైట్, రువి వాళ్లే అయితే? వాళ్లు ఆరాధనకి నడిచొస్తారు. మాది రెండు గంటల పైన ప్రయాణం. అంత దూరం బండి ఎందుకు, నెలకోసారి చాలదా అని ఒకరంటారు. అసలెందుకని ఇంకొకరంటారు. బండి ఆగితే ఇక్కడి నర్సమ్మలకి ఆరాధన లేదు, నాకు నువ్వు లేవు. ఉన్నవి పద్నాలుగు సీట్లు. డ్యూటీ లేని పిల్లలు ముందు, మిగిలితే నేను. రెండు నెలలకోసారైనా నీ మొహం చూస్తున్నానంటే ఆ బండి పుణ్యమే.

చింతకాయ పచ్చడి పంపుతున్నాను. మూత వదులుగా ఉందని భయం. నిలబెట్టి తీసుకెళ్లమని డ్రైవర్ కమ్రాన్‌కి మూడుసార్లు చెప్పాను. "ఫికర్ మత్ కరో అమ్మాజీ" అన్నాడు. దిగులు మానడం నాకు చేతనైతే ఇంకేం కావాలి!

జవాబు ఈ బండికే పంపు. పంపకపోతే ఏదో అయిందనుకుంటాను.

నీ అక్క,
జ్ఞానాంబ


దార్సైట్,
4 అక్టోబర్ 2024

అక్కకి,

పచ్చడి కారలేదు. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది చదవవని తెలుసు.

గుండె బాగుంది, షుగర్ లేదు. చెవే పోయింది. పోయిన నెల ఒకాయన నా చేతులు పట్టుకుని ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. మంచి కబురే అనుకుని నవ్వుతూ భుజం తట్టాను. వాళ్లమ్మ పోయిందని చెప్పాడట. ఆ రోజే నిర్ణయించుకున్నాను. వినపడనివాడు పెద్దగా ఉండకూడదు. ఒక్కడి చేతిలోనే అంతా ఉండడం కూడా ఇన్నాళ్లు సాగిందే ఎక్కువ.

కమిటీ మాట నిజమే. నా కోడలు జూలీ కూర్చుని రూల్స్ అన్నీ రాసింది. ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో చూసి, దాన్నిబట్టి ఏడు కుర్చీలూ పంచింది. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. నవంబర్ 29న ఆరాధన అయ్యాక అందరూ చేతులెత్తి ఒప్పుకుంటే కొత్త పద్ధతి మొదలవుతుంది. బండి గురించి ఇప్పుడే దిగులెందుకు?

ఇక్కడ బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. కమ్రాన్ హారన్ కొడుతున్నాడట, జూలీ వచ్చి భుజం తట్టింది. ఉంటాను.

ఏసురత్నం


బహ్లా,
17 అక్టోబర్ 2024

ఏసురత్నానికి,

తమ్ముడూ అని రాయబోయి ఆగాను.

నువ్వు పంపిన కాగితం ఎవాంజలిన్ చదివింది, అల్లుడు మోజెస్ చదివాడు, నేను వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాను. దార్సైట్‌కి మూడు కుర్చీలు. రువికి రెండు. అల్ ఖువైర్‌కి ఒకటి. సమాయిల్‌కి ఒకటి. అంతే, అయిపోయింది. వెనక్కి తిప్పి చూశాను, అక్కడ ఏమీ రాసి లేదు. బహ్లా ఏది? ఇంత కోట, ఇంత గోడ, ఇంత ఆసుపత్రి ఉన్న ఊరు మీకు ఎవరికీ కనపడలేదా?

మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. ఎందుకిలా చేశారా అని ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. ఈస్టర్‌కి వచ్చినప్పుడు జూలీ కేకు పెట్టింది. "కొంచెం పిండిపిండిగా ఉందమ్మా" అన్నాను. మంచికే అన్నాను. పిల్ల అది మనసులో పెట్టుకుందా? నా నోటి దురుసుకి ముప్పై మంది నర్సమ్మలు శిక్ష అనుభవించాలా?

ఈ పిల్లలు అయిదింటికే లేచి, తల ఆరకుండానే బండెక్కి వస్తారు. మీ హాల్లో వెనక వరసలో కూర్చుని ఆవులిస్తారు. ఇప్పుడు వాళ్లు ఎక్కడినుంచి వచ్చారో కూడా కాగితంలో లేదు. రేపు బండి ఆపేస్తామని కమిటీ అంటే, వద్దని చెప్పడానికి మా వైపునుంచి ఒక్క నోరు లేదు.

మోజెస్ నీకు మెసేజ్ పెట్టాడట. వద్దన్నాను, వినలేదు.

ఈసారి పచ్చడి పంపడం లేదు. కోపంతో కాదు. నువ్వు సీసా తిరిగి పంపలేదు.

జ్ఞానాంబ


దార్సైట్,
18 అక్టోబర్ 2024

అక్కయ్యకి,

ఖాళీ సీసా పంపుతున్నాను. కడిగించాను.

కేకు సంగతి జూలీకి గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి నేను చేతులు కడుక్కునే లోపు తను చదివేసింది.

తను సొంతంగా ఏమీ వేయలేదు. రెండేళ్ల హాజరు కాగితాలు ముందేసుకుని లెక్క తీసింది. ఏ బండి కాగితం ఆ బండి నుంచే వస్తుంది. వాటిలో ఒక్కదాని మీద కూడా బహ్లా అని లేదు. సమాయిల్ నుంచి మాత్రం ప్రతిసారీ నిండుగా పద్నాలుగు మంది. ఎవరు ఏ ఊళ్లో ఎక్కుతారో నేను బండెక్కి చూడలేదు కదా. మునుపు బహ్లాలో చాలామంది ఉండేవారు, కాంట్రాక్టులు అయిపోయి ఊళ్లకి వెళ్లిపోయారేమో, మీ ఇంటివాళ్లే మిగిలారేమో అనుకున్నాను. కాగితంలో లేనివాళ్లకి కుర్చీ ఎలా వేయను?

మోజెస్ మెసేజ్ చూశాను. "బహ్లాకి ఒక కుర్చీ ఉండి తీరాలి, నేనే వచ్చి మాట్లాడతాను" అని రాశాడు. అక్కా, ఒక్కటి అడుగుతాను, దాచకు. ఇదంతా అల్లుడికి కుర్చీ కోసమా? అయితే తిన్నగా అడగాల్సింది. ఇరవై రెండేళ్లలో నా మీద పక్షపాతం అన్న మాట ఎవరూ అనలేదు. మొదట అన్నది నువ్వు.

ఏసురత్నం


బహ్లా,
31 అక్టోబర్ 2024

నా తమ్ముడికి, తప్పు తనదేనని ఒప్పుకుంటున్న అక్క రాస్తున్నది.

ముందు మోజెస్ సంగతి. నీ ఉత్తరం చూపించి "ఏం బాబూ, కుర్చీ నీకు కావాలా?" అని అడిగాను. తింటున్నవాడు ఆగిపోయాడు. "నాకా? ఆరు రోజులు డ్యూటీ, ఏడో రోజు మీ అమ్మాయి చెప్పిన పనులు. నేను మన ఇంట్లో కుర్చీలో కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా అత్తయ్యగారూ?" అన్నాడు. ఎవాంజలిన్ గరిటె ఎత్తింది. కాబట్టి ఆ అనుమానం తీసెయ్.

ఇక అసలు సంగతి. బండిలో హాజరు రాసేది సమాయిల్ మందుల షాపులో పనిచేసే ప్రేమ్ సాగర్ కదా. అతనికి ఫోన్ చేయించాను.

"బాబూ, కాగితం పైన ఏమని రాస్తావు?"

"సమాయిల్ బండి అని రాస్తానమ్మా."

"అందులో బహ్లా వాళ్ల పేర్లు కూడా ఉంటాయి కదా?"

"ఉంటాయి. అందరివీ ఒకే కాగితం మీద రాస్తాను."

"అలా ఎందుకు రాస్తున్నావయ్యా?"

"అదేంటమ్మా! మీరే కదా అలా రాయమన్నారు."

తమ్ముడూ, అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట బహ్లా వాళ్ల పేర్లు బహ్లా పిల్లలే, బండి కదిలాక రాసేవారు. ఒకసారి రాస్తున్న పిల్లకి కళ్లు తిరిగి నిజ్వా దాటకముందే వాంతి అయింది. నేను పక్కనే ఉన్నాను, హడలిపోయాను. "కదిలే బండిలో రాతలొద్దు. సమాయిల్లో ఎలాగూ పది నిమిషాలు ఆగుతుంది, అక్కడే అందరివీ కలిపి ఒకే కాగితం మీద రాసేయండి" అన్నాను. పెద్దదాన్నని అందరూ విన్నారు. ఒక పిల్ల వాంతికి భయపడి ఊరినే చెరిపేశాను.

ఎవాంజలిన్ ఆసుపత్రి డ్యూటీ చార్టు ముందేసుకుని నిజం లెక్క తీసింది. వంతులవారీగా వస్తారు కాబట్టి ఏ శుక్రవారం చూసినా బండిలో పద్నాలుగే కనపడతారు. ఒకసారి వచ్చినవాళ్లు మరోసారి రారు. అందర్నీ కలిపితే బహ్లాలో మనవాళ్లు ముప్పై ఒక్కరు. పేర్లన్నీ నా చేత్తో రాశాను, రెండు రోజులు పట్టింది. ఇందులోనే పెట్టాను. సమాయిల్లో మాత్రం నలుగురే.

ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. మాకు కుర్చీ ఇవ్వాలంటే సమాయిల్ కుర్చీ పీకేస్తారు. ప్రేమ్ సాగర్‌తో ఆ మాటే అంటే, "తీసేస్తే తీసేయనీయండమ్మా, మేం నలుగురమే కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే మనసొప్పలేదు. మా పిల్లల్లో ఎవరికి జ్వరమొచ్చినా షాపు మూసి మందులు తెచ్చిచ్చే మనిషి. అతని కుర్చీ లాక్కుని మేం కూర్చోవాలా?

పచ్చడి పంపుతున్నాను. ఈసారి మూత చుట్టూ గుడ్డ కట్టాను.

తప్పు చేసిన నీ అక్క,
జ్ఞానాంబ


దార్సైట్,
1 నవంబర్ 2024

అక్కా,

నువ్వు తప్పు ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒప్పుకుంటాను. మోజెస్‌ని అనుమానించడం నా తప్పు. వాడికి చెప్పు. సీసా గుడ్డ విప్పడానికి పావుగంట పట్టింది.

నీ చేతిరాతలో ఉన్న ముప్పై ఒక్క పేర్లూ జూలీ చదివింది. తర్వాత నా కోసం ఒక కాగితం మీద రాసి చూపించింది: "మామయ్యా, నేను మనుషుల్ని లెక్కపెట్టలేదు. బండి సీట్లని లెక్కపెట్టాను."

అయితే నువ్వు భయపడ్డట్టే అయింది. తలలు లెక్కపెడితే బహ్లాకి కుర్చీ వస్తుంది, సమాయిల్‌ది పోతుంది. సమాయిల్‌ది ఉంచి బహ్లాకీ ఇవ్వాలంటే దార్సైట్ వాళ్లు ఒకటి వదులుకోవాలి. రువి దేవదాసుగారు గట్టిగా అడ్డు పడ్డారు. "నలుగురికి ఒక కుర్చీనా? మా ఒక్క బిల్డింగులోనే మనవాళ్లు పదిమంది ఉన్నారు" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. పైగా బహ్లా బండి నెలకోసారి చాలన్నది కూడా ఆయనే. కొత్త కమిటీలో ముందుగా అదే తేల్చాలంటున్నారు.

రేపు కమిటీలో మీ వైపు ఎంతమంది ఉంటారన్నదాన్నిబట్టే బండి ఉండడం, ఊడడం. నాకు ఏం తోచడం లేదు. నువ్వే చెప్పు, ఏది న్యాయం?

ఏసురత్నం


బహ్లా,
14 నవంబర్ 2024

తమ్ముడు ఏసురత్నానికి,

న్యాయం నన్ను అడుగుతావా? కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితేనే తేల్చుకోలేను. అడిగావు కాబట్టి రెండు వారాలు అదే ఆలోచనలో ఉన్నాను. ఒకసారి పాలు కూడా పొంగిపోయాయి.

నాకు తోచింది రాస్తున్నాను. దార్సైట్లో ఉన్నవాడికి కుర్చీ లేకపోయినా, మెట్లు దిగి వచ్చి కమిటీవాడి చొక్కా పట్టుకుని అడగగలడు. కూరగాయల కొట్లో కనపడ్డా అడగగలడు. సమాయిల్‌వాడు ఎవరి చొక్కా పట్టుకుంటాడు? దగ్గరున్నవాళ్లు నడిచి వచ్చి చెప్పుకుంటారు. దూరమున్నవాళ్ల తరఫున చెప్పడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. నలుగురైనా సరే. దేవదాసుగారి బిల్డింగు పదిమందికీ దేవదాసుగారు ఉన్నారు కదా, అదీ ఒకే మెట్ల మీద!

ఇంకా కొన్ని భయాలున్నాయి, రాసేస్తే గుండె తేలికవుతుంది.

కుర్చీ ఇచ్చి మీటింగ్ మంగళవారం సాయంత్రం దార్సైట్లో పెడితే? మా వాళ్లు డ్యూటీ దిగేదే ఏడింటికి. ఖాళీ కుర్చీకి మా ఊరి పేరు పెట్టినట్టవుతుంది. ఆ మీటింగ్ ఏదో మస్కట్, సమాయిల్, బహ్లా మూడు ఊళ్లలోనూ వంతులవారీగా, సెలవు రోజు పెట్టుకోకూడదా?

చేతులెత్తే రోజున బండిలో వచ్చేది మళ్లీ పద్నాలుగు మందే. ఆ పూట ఇక్కడ సూదులు వేస్తూ, మంచాలు తోస్తూ ఉండే పిల్లల చేతులు మీకు ఎలా కనపడతాయి?

బండికి దారిలో టైరు పోతే?

జూలీకి నా తరఫున చెప్పు, కేకు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పిండిగానే ఉంది.

నీ అక్క,
జ్ఞానాంబ


దార్సైట్,
29 నవంబర్ 2024

అక్కా,

టైరు పోలేదు.

నువ్వు వస్తావేమోనని గేటు దగ్గర నిలబడ్డాను. నీ సీటు ఓటు వేయడానికి వచ్చే పిల్లకి ఇచ్చేశావట. బాగుంది గానీ, నాకు మాత్రం బాధేసింది.

అసలేం జరిగిందో చెబుతాను. డ్యూటీలో ఉన్నవాళ్లు చీటీల మీద రాసి పంపొచ్చని సంఘ పెద్దగా నా ఆఖరి మాట పోయిన ఆరాధనలోనే చెప్పాను కదా. నువ్వూ ఎవాంజలినూ కలిసి అంటించిన కవరు కమ్రాన్ తెచ్చాడు. వాడి వరస నువ్వు చూసి తీరాల్సింది. చాయ్ తాగలేదు, కూర్చోలేదు. కవరు రెండు చేతులతో గుండెకి ఆనించుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. దేవదాసుగారు చెయ్యి చాపితే, "నహీ సాబ్, అమ్మాజీ కీ అమానత్ హై, సబ్ కే సామ్నే దూంగా" అన్నాడట. అమ్మాజీ నమ్మి అప్పగించింది, అందరి ముందే ఇస్తానని అర్థమట, జూలీ రాసి చూపించింది. అందరి ఎదుటా ఇచ్చాకే కదిలాడు.

ఓటింగ్ ఇలా పెట్టాం: దార్సైట్ ఒక కుర్చీ వదులుకోవాలి, బహ్లాకి ఒకటి, సమాయిల్‌కి ఒకటి ఉండాలి, మీటింగ్ మూడు ఊళ్లలోనూ వంతులవారీగా శనివారాలు జరగాలి. హాల్లో ఒప్పుకున్న చేతులు నలభై. వద్దన్నవి నలభై ఆరు. అప్పుడు కవరు విప్పాం. ఇరవై చీటీలు. ఇరవైలోనూ ఔనని ఉంది. ఒకదాని మీద పసుపు మరక కూడా ఉంది. అది ఎవరిదో నేను అడగలేదు.

అరవై, నలభై ఆరు. అయిపోయింది.

దార్సైట్ వదులుకున్న కుర్చీ అసలు జూలీకి రావాల్సింది. తనే ముందుగా చెయ్యెత్తింది. ఇప్పుడు మీటింగుల్లో రాతపని చూస్తానంది.

మొదటి మీటింగ్ ఎక్కడని చీటీ తీస్తే బహ్లా వచ్చింది. జనవరి 11. దేవదాసుగారి మొహం చూడాల్సిందే.

ఇక పెద్దను కాని, ఒట్టి తమ్ముడు,
ఏసురత్నం


బహ్లా,
23 జనవరి 2025, గురువారం

మా తమ్ముడికి, సంతోషంగా ఉన్నానని రాయడానికి కూడా కొంచెం భయపడుతున్న అక్క రాస్తున్నది.

బహ్లా వాళ్లు కుర్చీకి ఎవాంజలిన్ని ఎన్నుకున్నారని నీకు తెలుసు. మోజెస్ అయితే ఇల్లు తుడిచి మరీ సంబరపడ్డాడు. మీటింగ్ మా ఇంట్లో అనగానే నాకు వారం రోజులు కంటి మీద కునుకు లేదు. మా ఇంట్లో ఉన్నవి నాలుగు కుర్చీలు, కూర్చునేది ఎనిమిది మంది. బిల్కీస్ నాలుగు కుర్చీలు, ఒక పళ్లెం హల్వా ఇచ్చింది. "ఎవరొస్తున్నారు, పెళ్లివారా?" అని అడిగింది. అంతకంటే ఎక్కువే అన్నాను.

పన్నెండున్నరకి దిగారు. తమ్ముడూ, పాపం వాళ్ల మొహాలు! జూలీ బండి దిగి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "పెద్దమ్మా, మీరు ప్రతిసారీ ఇంత దూరం వస్తున్నారా? ఈ మోకాళ్లతోనా?" అంది. ముందు మంచినీళ్లు తాగమ్మా అన్నాను. దేవదాసుగారు నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి వచ్చారు. సమాయిల్లో ఎక్కిన ప్రేమ్ సాగర్ ఒక్కడే హుషారుగా ఉన్నాడు.

ముందు అన్నం పెట్టాను. కోడి కూర, పప్పుచారు, గోంగూర. తిన్నారు. తిన్నాక ఒక్క నిమిషం అని దేవదాసుగారు గోడకి ఆనుకున్నారు. అల్ ఖువైర్ ఆయన దిండు అడిగాడు. పది నిమిషాల్లో మస్కట్ వాళ్లంతా నా హాల్లో గుర్రు పెట్టి నిద్రపోయారు. చేతిలో రాత పుస్తకంతో జూలీ కూడా. మెలకువగా ఉన్నది ఎవాంజలిన్, ప్రేమ్ సాగర్, నేను. రెండయింది. మీటింగ్ మొదలవలేదు. లేపాలా వద్దా అని నాకు కంగారు. లేపితే ఏమనుకుంటారో, లేపకపోతే మీటింగ్ ఏమవుతుందో! ఎవాంజలిన్ నా చెయ్యి పట్టుకుని "పడుకోనీ అమ్మా. మనం వెళ్లినప్పుడు ఇలాగే ఉంటుంది కదా" అంది. మెల్లగా దుప్పటి తెచ్చి దేవదాసుగారి కాళ్ల మీద కప్పింది.

రెండున్నరకి ఆయనే లేచారు. సిగ్గుపడ్డారు. చాయ్ తాగాక జూలీ పుస్తకం తీసి, మొదటి అంశం చదివింది: "బహ్లా బండి నెలకోసారి చేయడం గురించి, దేవదాసుగారి ప్రతిపాదన."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో పెట్టుకున్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"అది కొట్టెయ్యమ్మా జూలీ" అన్నారు.

"కొట్టేసి ఏం రాయమంటారు అంకుల్?"

"వారం వారం వెళ్లాలని రాయి. ఇంత దూరం నుంచి రావడానికి సిద్ధపడే మనుషులకి వంతులు పెట్టడమేంటి? పదిహేను రోజులు ఆగమనడమేంటి? ఇంకోటి కూడా రాయి. ఆ వెనక సీట్లు మార్పించాలి. నా నడుం నాది కాకుండా పోయింది."

అందరూ నవ్వారు. ఏడు చేతులూ లేచాయి. నాకు ఓటు లేదు గానీ వంటింట్లో నేనూ ఎత్తాను, చేతిలో అట్లకాడ ఉంది.

మొన్న శుక్రవారం నుంచే వారం వారం బండి తిరుగుతోంది. వంతులకి కొట్టుకునే పని తప్పింది. నిన్న ఎవాంజలిన్ "అమ్మా, ఎల్లుండి శుక్రవారం నీకు సీటుంది, ఇంకెవరికీ ఇచ్చెయ్యకు" అని గట్టిగా చెప్పింది. దారిలో ఎండ ఎక్కువైతే ఎలాగో, మోకాలు పట్టేస్తే ఎలాగో అని ఆలోచిస్తూనే చీర ఇస్త్రీ చేసుకున్నాను.

అందుకని ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతికి ఇస్తాను. నువ్వు తీరిగ్గా చదువుకో, నేను పక్కన కూర్చుంటాను. ఈసారి జవాబు రాయక్కర్లేదు. తలెత్తి చూస్తే చాలు.

నీ అక్క,
జ్ఞానాంబ